ట్రే ముందు ఒక చీటీ పెట్టండి

హైదరాబాద్ నగరంలోని బేకరీల యజమానులకు, ఆ బేకరీల్లో కొత్త కొత్త పేస్ట్రీలు చేసే చెఫ్‌లకు ఒక కొనుగోలుదారు రాస్తున్న బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నేను బ్యాంకు ఉద్యోగం చేసి విరమణ పొందినదాన్ని. విద్యానగర్‌లో ఉంటాను. నలభై ఏళ్ళుగా ఈ ఊరి బేకరీల మెట్లు ఎక్కి దిగుతున్నాను. జీతం అందిన రోజున ఇంటికి అరకిలో ఉస్మానియా బిస్కెట్లు పట్టుకెళ్ళిన కాలం నుంచి, మనవడు వీడియోలో చూసి అడిగిన పిస్తా కునాఫా క్రోసాంట్ కోసం మాదాపూర్ దాకా వెళ్ళి వరుసలో నిలబడిన మొన్నటి వేసవి దాకా మీ దుకాణాల్లో నేను పెట్టిన ఖర్చుకు లెక్క రాయలేదు; రాసి ఉంటే బ్యాంకులో పనిచేసినదానిగా సిగ్గుపడేదాన్ని. కనుక దీన్ని బేకరీలంటే గిట్టనివాళ్ళు రాసిన లేఖగా చదవవద్దని మొదటే మనవి చేసుకుంటున్నాను.

ఈ పదేళ్ళలో మీరు చేసిన పని మెచ్చుకోదగ్గది. క్రోసాంట్ అనే పొరల పొరల ఫ్రెంచి రొట్టె ఒక్కటి సరిగా రావాలంటే పిండి పలకలో వెన్న పలకను పొదిగి, ఒత్తి, మూడు మడతలు వేసి, చల్లబరిచి, మళ్ళీ ఒత్తి, మళ్ళీ మడవాలి. ఇలా మూడుసార్లు చేస్తే 27 వెన్న పొరలు ఏర్పడతాయి. ఆ వెన్న 32, 35 డిగ్రీల మధ్య కరిగిపోయే రకం. మన ఊళ్ళో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఒక్క పొరలో వెన్న కరిగి పిండిలోకి ఇంకిపోయినా తేనెపట్టులాంటి గదులు రావలసిన చోట బన్ను వస్తుంది. అలాంటి ఊళ్ళో తెల్లవారుజామున లేచి, చల్లటి గదిలో నిలబడి రోజూ ఈ పని చేస్తున్నవాళ్ళను ఏమని తప్పుపట్టగలం? ఖుబానీ కా మీఠాను టార్ట్ అనే బిస్కెట్ గిన్నెలోకి దించిన ఆలోచన, తిరమిసు అనే ఇటలీ మిఠాయిని ఫిల్టర్ కాఫీతో చేసిన ఆలోచన నాకు నిజంగానే నచ్చాయి. మీరు కొత్తవి చేయడం మానుకోవాలని కోరడానికి ఈ లేఖ రాయడం లేదు. కొత్తవి చేస్తున్నారు కనుకనే, వాటిలో ఏమేం కలిపారో చీటీ మీద రాసి ట్రే ముందు పెట్టే కొత్త బాధ్యత మీ మీద పడిందని చెప్పడానికి రాస్తున్నాను.

ఒకప్పుడు ఈ ఊరి బేకరీలో అడగవలసిన ప్రశ్న ఒక్కటే ఉండేది: గుడ్డు ఉందా, లేదా? అప్పటి సరుకులన్నీ మాకు ముఖపరిచయం ఉన్నవే. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు పెట్టుకున్న ఉస్మానియా బిస్కెట్‌లో తీపి ముందో ఉప్పు ముందో తేల్చుకోలేకపోయినా, అందులో ఉన్నవి మైదా, వెన్న, పాలు, చక్కెర అని అందరికీ తెలుసు. దేశ విభజన తరవాత సింధు ప్రాంతం నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నాని 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర మొదలుపెట్టిన కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్ అయినా, ఇరానీ కేఫ్‌లో చాయ్‌తో పాటు వచ్చే టై బిస్కెట్, ఖారా అయినా, కొబ్బరి కూరిన దిల్‌పసంద్ అయినా అంతే. బన్నులోని ఆ ఎర్ర, పచ్చ టూటీఫ్రూటీ ముక్కలు బొప్పాయి కాయను చక్కెర పాకంలో ఊరబెట్టి చేసినవని సగం మందికి తెలియదు. తెలియకపోవడం వల్ల ఎవరికీ నష్టం కలగలేదు. ఎగ్ పఫ్‌లో గుడ్డు ఉందని పేరే చెప్పేది, కర్రీ పఫ్‌లో లేదని కూడా పేరే చెప్పేది. నిజానికి పఫ్‌లో వెన్న లేదని, వనస్పతి ఉందని కూడా మాకు తెలుసు, మీకు తెలుసు. ఎవరూ బటర్ పఫ్ అని బోర్డు పెట్టి అమ్మలేదు.

ఇప్పుడు పరిస్థితి అది కాదు. ఇప్పుడు మీ అద్దాల అరలో ఉన్నదాన్ని చూసి అదేమిటో చెప్పడం నా తరం కాదు. అసలు మీ గొప్పతనమే అక్కడుంది: పండులా కనిపించేది పండు కాదు, రాయిలా కనిపించేది చాక్లెట్, పువ్వులా కనిపించేది చక్కెర. చూసి పోల్చుకోలేని వస్తువు చేతికిచ్చినప్పుడు అందులో ఏముందో చెప్పే పూచీ ఇచ్చినవాళ్ళదే కదా.

మొన్న వేసవిలో ఒక ఆదివారం మా అమ్మను, డాలస్ నుంచి సెలవులకు వచ్చిన కూతురిని, ఏడేళ్ళ మనవణ్ణి వెంటబెట్టుకుని నగరంలో బాగా పేరున్న ఒక కొత్త తరహా బేకరీకి వెళ్ళాను. దాని పేరు ఇక్కడ రాయను. రాస్తే తక్కిన మీరంతా ఇది మన సంగతి కాదులే అనుకుంటారు. పదకొండు గంటలకే మా ముందు ఇరవై మంది దాకా ఉన్నారు. మెల్లగా అద్దాల అర దగ్గరికి చేరేసరికి ఒక ట్రే దగ్గర అమ్మ ఆగిపోయింది. అరచేతిలో పట్టేంత పసుపుపచ్చని గుమ్మటాలు వరుసగా ఉన్నాయి, ఒక్కోదానికి కొసన చిన్న చాక్లెట్ తొడిమ, దాని పక్కన పుదీనా ఆకు. పైన ఎంత నునుపంటే, అరలోని దీపం ఒక్కో గుమ్మటం మీద ఒక్కో చుక్కగా మెరుస్తోంది. వంగి చూస్తే మన ముఖం కూడా కనిపిస్తోంది. "బంగినపల్లి పండే తెచ్చి పెట్టారేమిటే" అంది అమ్మ.

అమ్మకు 81 ఏళ్ళు. బుద్ధెరిగి గుడ్డు ముట్టింది లేదు. నేను కేకులో ఉన్న గుడ్డు తింటాను గానీ పళ్ళెంలో పెట్టిన గుడ్డు తినను. నా మడి అంతంత మాత్రమే. అమ్మది అలాంటిది కాదు, అందుకని కౌంటర్ వెనక ఉన్న కుర్రాణ్ణి తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి అడిగాను. "ప్యూర్ వెజ్ ఆంటీ, ఎగ్‌లెస్" అన్నాడు ధీమాగా. ట్రే ముందున్న చీటీ మీద పేరు, ధర తప్ప మరేమీ లేవు. ఆ పేరు కూడా ఫ్రెంచి మాట.

అమ్మకు అది చాలా నచ్చింది. రెండు చెంచాలు తిని, లోపలి మామిడి గుజ్జు పొర చూసి, మూడో చెంచా తీసుకోబోతుండగా చెఫ్ అటుగా వచ్చారు. మెచ్చుకోకుండా ఉండలేక, ఈ మెరుపు ఎలా తెప్పించారు బాబూ అని నేనే అడిగాను. తన పని మీద ప్రేమ ఉన్న మనిషి కాబట్టి ఆయన సంతోషంగా చెప్పుకుపోయారు. చక్కెర, గ్లూకోజ్, కండెన్స్‌డ్ మిల్క్, తెల్ల చాక్లెట్ కలిపి కాచి, చల్లటి నీళ్ళలో నానిన జెలటిన్ పలకలను అందులో కరిగించి, వేడి తగినంత దిగాక, ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన మూస్ అనే నురుగులాంటి మెత్తటి ముద్ద మీద ఒకే ధారగా పోస్తామన్నారు. ధార ఆగితే గీత పడుతుందట. జెలటిన్ అంటే ఏమిటి నాయనా అని అమ్మ అడిగింది. ఆయన నా వైపు చూశారు. నేను ఏమీ అనలేకపోయాను. అబద్ధం చెప్పి ఉంటే ఆ క్షణానికి అందరికీ సుఖంగా ఉండేది, కానీ ఆయన చెప్పలేదు. ఆ గౌరవం ఆయనకు దక్కాలి. "పశువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారమ్మా" అన్నారు గొంతు తగ్గించి.

అమ్మ చెంచాను పళ్ళెం అంచున చప్పుడు కాకుండా పెట్టింది. నీళ్ళ సీసా తీసుకుని బయటికి వెళ్ళి నోరు పుక్కిలించి వచ్చింది. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. మిట్టమధ్యాహ్నం తలస్నానం చేసి, దేవుడి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. సాయంత్రం కాఫీ తాగుతూ మాత్రం, "ఆ కౌంటర్ పిల్లవాణ్ణి ఏమీ అనకండి, వాడికి ఎవరు చెప్పారని" అంది.

ఈ లేఖకు మూలం ఆ ఒక్క మాట. వాడికి ఎవరు చెప్పారని? చెఫ్‌కు తెలుసు, పలకల పెట్టె మీద రాసి ఉంది, సరుకు కొన్న యజమానికి బిల్లులో కనబడుతుంది. వంటగది గోడ దాటి కౌంటర్ దాకా ఆ సమాచారం నడిచి రాలేదు, అంతే. ఆ కుర్రాడికి తెలిసిన శాకాహారం అంటే గుడ్డు లేకపోవడమే. ఎగ్‌లెస్ అంటే వెజ్, వెజ్ అంటే ఎగ్‌లెస్. ఇది అతడొక్కడి పొరపాటు కాదు. బోర్డుల మీద, డబ్బాల మీద ఆ రెండు మాటలనూ ఒకటి చేసి మీరు పదిహేనేళ్ళుగా మా అందరికీ నేర్పిన పాఠమే అది.

చట్టం ఆ రెంటినీ ఒకటిగా చూడదు. పాలు, పాల పదార్థాలు, తేనె, తేనెమైనం, లక్క వంటి కొన్నింటిని మినహాయించి, జంతువు నుంచి వచ్చిన ఏ పదార్థం కలిసినా అది మాంసాహారమేనని మన ఆహార భద్రతా నియమాలు నిర్వచించాయి. ఆ లెక్కన గుడ్డు ఎంతో జెలటిన్ అంతే. పైన పోసే గులాబీ రంగు మెరుపు పూత, అంటే గ్లేజ్‌లోనో, మాకరోన్ అనే బాదం బిస్కెట్ పెంకులోనో కార్మైన్ అనే ఎర్ర రంగు వాడితే అదీ అంతే, ఎందుకంటే ఆ రంగును నాగజెముడు జాతి మొక్కల మీద బతికే ఒక పురుగును ఎండబెట్టి తీస్తారు. సరుకు డబ్బా మీద 120 అనే అంకెగా మాత్రమే కనిపిస్తుంది. పొట్లాం కట్టిన సరుకు మీద పచ్చ చతురస్రంలో పచ్చ చుక్క, మాంసాహారమైతే గోధుమ రంగు త్రిభుజం ఉండాలి. అదే సరుకు అద్దాల అరలో విడిగా ఉంటే చుక్కా లేదు, త్రిభుజమూ లేదు.

ఇది మా అమ్మలాంటి ముసలి బ్రాహ్మణ వితంతువుల బాధ మాత్రమేనని ఎవరైనా అనుకుంటే, వాళ్ళకు ఈ ఊరు తెలియదన్నమాట. మీ వంటగదిలోని ఆ ఒక్క పలక ఎన్ని ఇళ్ళ గడప దగ్గర ఆగుతుందో ఆలోచించండి. జైనుల ఇంట్లో ఏ జెలటిన్ అయినా పనికిరాదు. మాంసం తినే హిందువుల్లో చాలామంది అది ఆవుదేమోనన్న అనుమానం ఉన్నా ముట్టరు. ముస్లింలకు అది పందిదా అన్నది మొదటి ప్రశ్న, పశువుదే అయితే హలాలా అన్నది రెండో ప్రశ్న. రంజాన్ నెలలో మీ దుకాణాల నుంచి పెట్టెలకు పెట్టెలు ఇఫ్తార్ విందులకు వెళతాయి. తిరమిసులో తడిపిన బిస్కెట్‌కు రమ్ము పట్టించారా, ఉత్త కాఫీయేనా అన్నది ఆ పెట్టె మీద ఎక్కడా ఉండదు. నా బ్యాంకు సహోద్యోగిని ఒకరు ఇరవై ఏళ్ళు నా పక్క కుర్చీలో కూర్చుని, ఆఫీసులో ఎవరి పుట్టినరోజు కేకు కోసినా చిరునవ్వుతో వద్దనేవారు. కేకు పడదేమో అనుకున్నాను. అడిగినా ఎవరికీ జవాబు తెలియదు కనుక అడగడం మానేశానని ఆమె విరమణ రోజున చెప్పారు.

జెలటిన్ మానేసి అగర్ వాడవచ్చు కదా అని నేను తేలిగ్గా అనను. ఆ సంఘటన తరవాత నేను కొంత చదివాను, ఆ చెఫ్‌తోనూ ఫోన్‌లో మాట్లాడాను. జెలటిన్ మన ఒంటి వేడి కన్నా తక్కువ వేడికే కరుగుతుంది, అందుకే మూస్ నాలుక మీద పెట్టగానే జారిపోతుంది. సముద్రపు నాచు నుంచి తీసే అగర్ ఒకసారి గట్టిపడ్డాక మళ్ళీ కరగాలంటే 85 డిగ్రీల దాకా వేడి కావాలి. నోట్లో అది కరగదు, విరుగుతుంది. పైగా గడ్డకట్టించి తీస్తే నీరు వదులుతుంది, ఆ నీటి మీద గ్లేజ్ నిలవదు. పండ్ల తొక్కల నుంచి వచ్చే పెక్టిన్‌తో మెరుపు వస్తుంది గానీ దాని పద్ధతి వేరు, పులుపు, చక్కెర పాళ్ళు కుదరాలి. ఇవన్నీ తెలిసి మీరు జెలటిన్ ఎంచుకుంటే అది మీ వృత్తిపరమైన నిర్ణయం, దానికి నా అభ్యంతరం లేదు. ఎంచుకున్నామని రాయండి అంటున్నాను.

మా ఇంటి రెండో సంగతి కూడా అదే రోజు, అదే బల్ల దగ్గర జరిగింది. నా మనవడికి నువ్వులు పడవు. డాలస్‌లో ఒకసారి ఆసుపత్రి దాకా వెళ్ళి వచ్చారు. అప్పటి నుంచి వాళ్ళమ్మ చేతిసంచిలో అడ్రినలిన్ సూది లేకుండా గడప దాటదు. నువ్వుల పొడి, చిమ్మిలి, నువ్వుల నూనె ఆవకాయ ఉన్న మా ఇంట్లో ఈ పిల్లవాడు పుట్టడమే విచిత్రం. వాడు వచ్చే వారం ముందు నుంచి మా వంటిల్లంతా కడిగిపెడతాం. వాడు అడిగింది కునాఫా క్రోసాంట్. 2021లో దుబాయ్‌లో మొదలైన ఒక చిన్న చాక్లెట్ సంస్థ చేసిన పిస్తా కునాఫా చాక్లెట్ బిళ్ళ 2023 చివర్లో ఒక వీడియోతో ప్రపంచమంతా చుట్టబెట్టిన సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ లోపలి ముద్దను మీరు క్రోసాంట్‌లో, కేకులో, ఐస్‌క్రీములో, చివరికి బన్నులో కూడా పెట్టారు. ఆ ముద్దలో పిస్తా, సన్నటి సేమియా లాంటి కతాయఫీ పోగులతో పాటు తాహిని కూడా ఉంటుంది. తాహిని అంటే నూరిన నువ్వులు.

"ఇందులో నువ్వులున్నాయా" అని నా కూతురు అడిగింది. కుర్రాడికి మాట అర్థం కాలేదు. సెసమి ఉందా అంది. పైన చల్లలేదు చూడండి అన్నాడు. తిల్ ఉందా అని నేను అడిగాను. లేదాంటీ, పిస్తా మాత్రమే అన్నాడు. అతడు ఒడిశా నుంచి వచ్చి నాలుగు నెలలయిందట. నువ్వులు, తిల్, సెసమి, తాహిని నాలుగూ ఒకటేనని అతడికి మాత్రం ఎవరు చెప్పారని? నా కూతురు పట్టువిడవకుండా డబ్బా చూపించమంది. లోపలి నుంచి తెచ్చిన డబ్బా వెనక, మూడో పదార్థంగా, తాహిని అని రాసి ఉంది. మనవడు ఏడ్చాడు, వెనక వరుసలో ఉన్నవాళ్ళు విసుక్కున్నారు, మేము ఒక సాదా క్రోసాంట్ కొనుక్కున్నాం. మరో తల్లి అయితే రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోయేది.

ఇంగ్లండుకు చెందిన ఒకరు ఇలాగే పోయారు. 2016లో నటాషా ఎడ్నాన్ లాపెరూజ్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి లండన్ విమానాశ్రయంలో ఒక బగెట్ శాండ్‌విచ్ కొని తిని విమానం ఎక్కింది. పిండిలోనే నువ్వులు కలిపి కాల్చిన రొట్టె అది, పైకి కనబడవు. పొట్లాం మీద ఆ మాట లేదు, ఎందుకంటే దుకాణంలోనే తయారుచేసి అక్కడే అమ్మే సరుకుకు ఒక్కోదాని మీద పదార్థాలు రాయనక్కర్లేదని అప్పటి నిబంధన. ఆ అమ్మాయి బతకలేదు. తల్లిదండ్రులు పోరాడగా, అలాంటి పొట్లాల మీద కూడా పదార్థాలన్నీ రాసి, అలర్జీ కలిగించేవాటిని ప్రస్ఫుటంగా చూపాలన్న చట్టం 2021 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. నటాషా చట్టం అనే పిలుస్తారు. అమెరికాలో నువ్వులను తొమ్మిదో ముఖ్య అలర్జీ పదార్థంగా చేర్చిన నియమం 2023 జనవరి 1 నుంచి అమలవుతోంది. డాలస్‌లో నా కూతురు పొట్లాం వెనక వెతికే మాట అదే. మన దేశంలో పొట్లాల మీద తప్పనిసరిగా చెప్పవలసిన అలర్జీ పదార్థాల పట్టికలో గోధుమల వంటివి, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ, జీడిపప్పు జాతి గింజలు, సోయా ఉన్నాయి. నువ్వులు లేవు. తిలదానం చేసే దేశంలో నువ్వుల మీద అనుమానం ఎవరికి కలుగుతుంది?

చట్టంలో ఇంకొక సందు కూడా ఉంది, మీలో చాలామంది అందులో నుంచే నడుస్తున్నారు. 2022 నుంచి మెనూ మీద కేలరీలు, అలర్జీ వివరాలు, శాకాహార మాంసాహార గుర్తులు చూపాలన్న నియమం కేంద్ర లైసెన్సు ఉన్నవాళ్ళకు, పది, అంతకు మించి శాఖలున్నవాళ్ళకు వర్తిస్తుంది. అంటే పెద్ద గొలుసు దుకాణాల్లో, అన్ని ఊళ్ళలోనూ ఒకేలా ఉండే, ఎవరికీ అనుమానం రాని కేకు ముక్కకు వివరాలు ఉంటాయి. ఒక్కటే దుకాణం, రెండే శాఖలు ఉండి, వారానికో కొత్త వస్తువు కనిపెట్టే మీ దగ్గర, నిజంగా వివరం అవసరమైన చోట, ఉండనక్కర్లేదు. అధికారులు వచ్చి చెప్పేదాకా ఆగుదామనుకుంటే వాళ్ళు ఎప్పుడు వస్తారో కూడా మనం చూశాం. 2024 అక్టోబరులో మోమోలు తిని ఈ ఊళ్ళో ఒక మహిళ చనిపోయి, పదుల మంది ఆసుపత్రి పాలయ్యాక, ఆ నెల 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. సంప్రదాయ పద్ధతిలో చేసే తిరమిసులోనూ పచ్చి పచ్చసొనే ఉంటుంది. మీది ఏ పద్ధతో మీ అరలో ఉన్న గిన్నెను చూసి నేను చెప్పలేను.

మీరు చెప్పబోయే జవాబులు కొన్ని నాకు ముందే వినిపిస్తున్నాయి. మా తయారీ రహస్యం పోతుంది అంటారు. 2013 మే 10న న్యూయార్క్ నగరంలోని స్ప్రింగ్ స్ట్రీట్‌లో తన చిన్న బేకరీలో క్రోనట్‌ను అమ్మకానికి పెట్టిన దొమినిక్ ఆన్సెల్ కన్నా పెద్ద రహస్యం మీ దగ్గర ఉందని నేను అనుకోను. క్రోసాంట్ పిండిలాంటి పొరల పిండిని డోనట్‌లా కోసి ద్రాక్ష గింజల నూనెలో వేయించి, క్రీము నింపి, పైన గ్లేజ్ పోసిన ఆ వస్తువు కోసం జనం తెల్లవారకముందే వచ్చి రోడ్డు మీద వరుస కట్టారు. నల్ల బజారులో కొన్నవాళ్ళూ ఉన్నారు. ఆయన పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకున్నాడు గానీ, లోపల ఏముందో దాచలేదు. నెలకో రుచి మారుస్తూ, ఆ రుచి ఏమిటో పేరుపెట్టి ప్రకటిస్తూ వచ్చాడు. 2014లో ఇంట్లో చేసుకునే పద్ధతిని తానే పుస్తకంలో అచ్చువేయించాడు. అయినా వరుస తరగలేదు, ఎందుకంటే అది మూడు రోజుల పని. పదార్థాల పట్టిక చదివి ఎవరూ చేతివాటాన్ని ఎత్తుకుపోలేరు. పాళ్ళు, వేడి, సమయం మీ దగ్గరే ఉంచుకోండి. నేను అడుగుతున్నది పేర్లు మాత్రమే.

వారం వారం సరుకు మారుతుంది, ఎన్నిసార్లు రాస్తాం అనవచ్చు. ధర మారిన ప్రతిసారీ చీటీ మారుస్తూనే ఉన్నారు. చీటీలు పెడితే అర అందం చెడుతుందనేవాళ్ళకు నా దగ్గర జవాబు లేదు, వాళ్ళతో వాదించే ఓపికా లేదు. జెలటిన్ అని రాస్తే అమ్మకాలు పడిపోతాయనే భయం మాత్రం నిజమైనదే, దాన్ని నేను తోసిపుచ్చను. పడిపోవచ్చు కూడా. కానీ ఆ భయం నిజమైతే, తెలిస్తే కొననివాళ్ళకు తెలియకుండా అమ్ముతున్నారని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. ఆ మాట నేను అనకూడదనుకుంటూనే అంటున్నాను.

నేను కోరే చీటీ అరచేతి వెడల్పు చాలు. పేరు మీ ఇష్టం, ఫ్రెంచిలోనే ఉండనివ్వండి. దాని కింద గుడ్డు ఉందో లేదో, ఉంటే పచ్చిదో ఉడికినదో. గట్టిపరచడానికి వాడినది జెలటిన్ అయితే ఏ జంతువుదో, కాకపోతే అగరో పెక్టినో. మద్యం కలిసిందో లేదో. ఏయే గింజలు ఉన్నాయో, నువ్వులతో సహా. కొవ్వు వెన్నదో వనస్పతి జాతిదో. తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో రాయండి, ఉర్దూలో కూడా రాస్తే ఈ ఊరికి మరింత మర్యాద. వనస్పతి జాతి కొవ్వుతో చేసే విప్డ్ టాపింగ్‌ను ఫ్రెష్ క్రీమ్ అని రాయకండి. మన కూల్ కేకుల మీద ఉన్నదాంట్లో పాల మీగడ ఎంతో నాకు అనుమానమే, ఆ తగవు ఇంకో లేఖకు దాచుకున్నాను. కౌంటర్ దగ్గరి పిల్లలకు ఒక్క వాక్యం నేర్పండి: నాకు తెలియదు, లోపల కనుక్కుని చెబుతాను. ధీమాగా చెప్పిన తప్పు జవాబు కన్నా ఆ వాక్యం మాకు వెయ్యి రెట్లు మేలు. అలా చెప్పిన పిల్లవాడి మీద వరుస ఆలస్యం చేశావని కేకలు వేయకుండా ఉంటే ఇంకా మేలు.

ఆ బేకరీకి నేను మళ్ళీ వెళ్ళాను. ఈ లేఖ రాస్తున్నానని చెఫ్‌కు చెప్పాను. ఆయన కోప్పడలేదు. మా ఇంట్లోనూ నానమ్మ ఉందండీ అన్నారు. వచ్చే నెల అమ్మ పుట్టినరోజు. ఆ మామిడి గుమ్మటాన్ని జెలటిన్ లేకుండా చేసిపెట్టగలరా అని అడిగాను. పెక్టిన్‌తో మెరుపు తెచ్చి, మూస్‌ను వెన్న, తెల్ల చాక్లెట్ బిగువు మీదనే నిలబెట్టి ఇప్పటికి రెండుసార్లు చూశారట. మొదటిసారి కూలిపోయింది. రెండోసారి నిలబడింది గానీ మెరుపు మసకగా వచ్చింది, దీపం చుక్కగా కాకుండా మరకలా కనబడుతోందట. శుక్రవారం మూడోసారి చేస్తానని, రుచి చూడడానికి రమ్మని చెప్పారు. అమ్మకు ఈ సంగతి చెప్పాను. ముందు డబ్బాలన్నీ చూసి రా, తరవాత చూద్దాం అంది.

ఇట్లు,
మీ దుకాణాల పాత కొనుగోలుదారు,
విద్యానగర్, హైదరాబాద్